మిరపకల్లంలో మకాం

బిందుమాధవికి ముక్కు ఉందన్న మాటేగానీ, అది ఘాటు పసిగట్టడం మానేసి చాలా ఏళ్లయింది. గుంటూరులో మిరపకాయలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు ఉద్యోగం. పొద్దున వెళ్లిందంటే సాయంత్రం దాకా బస్తాల మధ్యే తిరుగుడు. కొత్తగా పనిలో చేరినవాళ్లు తుమ్ముకుంటూ, కళ్లు నులుముకుంటూ గేటు అవతలికి పరిగెడుతుంటే, తను మాత్రం ఆ బస్తాల పక్కనే కూర్చుని తీరిగ్గా క్యారేజీ విప్పుకుని తింటుంది. పుట్టిల్లు చూస్తే మిరపచేలు, మేనమామ ఊరు చూస్తే మిరపచేలు. ఇక ఆ ముక్కు మాత్రం ఏం చేస్తుంది పాపం, ఊరుకుంది.

అందుకే ఆ శనివారం సాయంత్రం, సత్తెనపల్లి దాటాక ఉన్న మేనమామ చెంచయ్య పొలంలో కారు దిగి, గుడారాలు ఎక్కడ వెయ్యాలా అని తనతో వచ్చిన ఇద్దరూ అటూ ఇటూ చూస్తుంటే, బిందు తడుముకోకుండా "కల్లంలో వేద్దాం" అంది.

ఆమె దృష్టిలో అంతకంటే మంచి చోటు లేదు. కాయలు ఆరబోయడానికని నేలంతా చదును చేసి, గట్టిగా అదిమి, బరకాలు పరిచి ఉంచారు. రాయీ రప్పా లేదు. ఎండిన కాయంతా ఆ మధ్యాహ్నమే బస్తాలకెత్తేశారు. రంగు పోయి తెల్లబడిన తాలు కాయలు మాత్రం ఓ మూల కుప్పగా ఉన్నాయి. పైన ఆకాశం, చుట్టూ చేలు, వెనకాల ఒంటరిగా నిలబడ్డ రాతిగుట్ట. క్యాంపింగంటే ఇంకేం కావాలి?

జ్యోతిర్మయి మాత్రం కారు దిగీ దిగగానే తుమ్ములు మొదలెట్టింది. చీరాలలో చేనేత చీరలమ్మే ఇంటి పిల్ల, గుంటూరులో పళ్ల డాక్టరు. బిందు కంటే పదేళ్లు చిన్నది. ఇద్దరూ కలిసి పరిగెత్తడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది.

"అక్కా, నేనిక్కడ పడుకుంటే పొద్దున్నకి నన్ను బస్తాలో కుక్కి యార్డుకి తోలేస్తారు" అంది ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

"మిరపకాయంటే మాకు చుట్టం. చుట్టాన్ని చూసి తుమ్ముతారా ఎవరన్నా?" అంది బిందు.

జ్యోతి వినలేదు. తన గుడారం తీసుకెళ్లి దూరంగా బోరు షెడ్డు దగ్గర వేసుకుంది. ఆ పక్కనే ప్రేమ్‌చంద్ గారూ వేసుకున్నారు. ఒంగోలులో మందుల షాపు ఆయనది. పాతికేళ్లుగా పరిగెడుతున్నారు, ఇద్దరికీ ఆయనే కోచ్. కల్లం మీద మకాం వేసింది బిందు ఒక్కతే, మహారాణిలాగా.

ఇంతకీ ఈ మకాం ఎందుకంటే, కాఫీ తోటల కొండల్లో జరిగే ఎనభై కిలోమీటర్ల పరుగు కోసం. గుడారాల్లో పడుకుని, తెల్లారుతూనే లేచి, రాళ్లలో మట్టిలో రోజంతా పరిగెత్తాలి. కిందటేడు బిందు అదే పరుగుకి వెళ్లింది. సగం దూరం దాకా బాగానే పోయింది. అక్కడ పరుగు మానుకున్నవాళ్లని ఎక్కించుకునే వ్యాను ఒకటి ఆగి ఉంది. తలుపు తీసి ఉంది, లోపల సీటు ఖాళీగా ఉంది. ఎవరో "రండి మేడం" అన్నారు. ఎక్కేసింది. కాళ్లు విరగలేదు, కడుపు చెడలేదు, కళ్లు తిరగలేదు. రమ్మన్నారు, ఎక్కింది, అంతే. వ్యాను కదిలిన కాసేపటికే దిగిపోవాలనిపించింది గానీ అప్పటికి పందెంలో ఉన్నట్టు గుర్తుగా కట్టిన చేతి పట్టీ కత్తిరించేశారు. ఏడాది పొడుగునా ఆ వ్యాను సీటు ఆమెకి గుర్తొస్తూనే ఉంది.

ఈ ఏడు మళ్లీ ఎనభైకే పేరిచ్చింది. అయితే యాభై కిలోమీటర్ల పందేనికి మారాలనుకున్నవాళ్లు ఆదివారం సాయంత్రంలోగా మార్చుకోవచ్చు. ఆ తరవాత కుదరదు. ప్రేమ్‌చంద్ గారు గుడారం మేకులు కొడుతూనే ఆ సంగతి తేల్చేశారు.

"బిందు గారూ, రేపు మన చుట్టు రెండుసార్లు. కాలవ కట్ట, పత్తిచేల డొంక, ఆఖర్న ఈ గుట్టెక్కి దిగి కల్లానికి రావాలి. రెండు చుట్లూ పూర్తిచేస్తే ఎనభైలో ఉంటారు. లేకపోతే సాయంత్రం నేనే ఫోన్‌లో యాభైకి మార్చేస్తా. సరేనా?"

"సరేనండి" అంది బిందు. ఆ మాట అనేటప్పుడు గుండె దడదడలాడింది. భయంతో మాత్రం కాదు, రేపెప్పుడవుతుందా అని.

ఆ ఊపులోనే సాయంత్రం కాసేపు డొంకలో తేలిగ్గా పరిగెత్తి వచ్చింది. చెమటకి తడిసిన సాక్సులూ, టీషర్టూ, మెడకి చుట్టుకునే గుడ్డా బోరు దగ్గర జాడించి, పిండి, చక్కగా బరకం మీద ఆరేసింది. ఆ బరకం మీద నుంచే మధ్యాహ్నం కాయలెత్తారన్న సంగతి ఆమెకి తెలియక కాదు. తట్టలేదు. బయటి ఊరి మనిషెవరూ ఈ పొరపాటు చెయ్యలేరు. ఒక్క తుమ్ముతో తెలివొచ్చి దూరంగా పోతారు. దీనికి మిరపచేలో పుట్టి పెరగాలి.

తెల్లవారుతూనే ముగ్గురూ లేచారు. చెంచయ్య భార్య పిచ్చమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకుని పొలానికొచ్చేసింది. మేనకోడలు ఆరుబయట పడుకుందన్న బెంగతో ఆవిడకి నిద్రే లేదు.

"ఇంట్లో మంచాలుండగా ఈ గుడ్డ ఇళ్లేంటే నీకు? ఊళ్లో నన్నేమనుకుంటారు?" అంది టీ పోస్తూ.

"ప్రాక్టీసత్తా" అంది బిందు, బరకం మీద ఆరిన సాక్సులు తొడిగి బూట్ల తాళ్లు బిగిస్తూ.

ప్రేమ్‌చంద్ గారు వాచీతో కల్లంలోనే ఉండిపోయారు, ఆడవాళ్లిద్దరూ బయల్దేరారు. ఆ మొదటి మైళ్ల ఆనందం చెప్పనలవి కాదు. చేల మీద పలచటి మంచు, కాళ్లకింద మెత్తటి మట్టి, రెండుపక్కలా పొదల మధ్య వంకర్లు తిరిగే డొంక. బండ్లు పోయే ఆ ఇరుకు దారిలో చిన్నప్పుడు రేగుపళ్ల కోసం తిరిగింది. ఇప్పుడు వీపు మీద నీళ్ల సంచీతో, చేతికి వాచీతో దూసుకుపోతోంది. దూరంగా పత్తిచేలల్లో ఏరగా మిగిలిన దూది అక్కడక్కడా మెరుస్తోంది. ఒంట్లో ఉత్సాహం ఆగక బిందు గట్టిగా కేకేసింది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"అక్కా, మెల్లగా. ఇంకా ముందుంది" అంది జ్యోతి. తను ఒక్క చుట్టే పరిగెడుతుంది. తనది యాభై కిలోమీటర్ల పందెం.

కాలవ కట్ట ఎక్కాక ఒంటికి చెమట పట్టింది. అప్పుడు మొదలైంది.

ముందు వేళ్ల సందుల్లో చిన్న చురుకు. చీమేమో అనుకుంది. తరవాత మడమ. తరవాత పాదం మొత్తం. కొత్త బూట్లు గదా, ఒరుసుకుంటున్నాయేమో అనుకుంది. మొహం మీద చెమట తుడుచుకుందామని మెడకున్న గుడ్డ తీసి కళ్లకి అద్దుకుంది. అంతే, కెవ్వుమంది.

"ఏమైందక్కా?"

"కళ్లు. కాళ్లు. జ్యోతీ, అన్నీ."

జ్యోతి ఆ గుడ్డ చేతిలోకి తీసుకుందో లేదో భళ్లున తుమ్మింది. ఒక్క తుమ్ముతో రోగం తేలిపోయింది. గుడ్డకి మిరప గింజలూ, ఎర్రటి పొడీ అంటుకుని ఉన్నాయి.

"అక్కా, ఇవి ఎక్కడ ఆరేశావు?"

బిందుకి బరకం గుర్తొచ్చింది. సిగ్గేసింది. పక్కన కాలవలో నీళ్లు నిండుగా పారుతున్నాయి. బూట్లు విప్పి పాదాలు ముంచింది. మిరప మంటకి నీళ్లు తగిలితే ఏమవుతుందో మిరప ఇళ్లల్లో పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఒళ్లు మండేటప్పుడు చదువూ, సంస్కారమూ, పుట్టిల్లూ ఏవీ గుర్తుకు రావు. మంట పాదాలు దాటి పిక్కలకెక్కింది.

జ్యోతికి నవ్వాగలేదు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక కట్ట మీద కూలబడి నవ్వింది. "చుట్టం వచ్చాడక్కా నీకు" అంది. బిందు ముందు కోపంగా చూసింది. ఆ తరవాత ఏడుస్తూనే తనూ నవ్వింది.

నిలబడితే మంట ఎక్కువ, కదిలితే కాస్త నయం. గాలి తగులుతుందో, కాళ్లకి పని పడుతుందో ఏమో గానీ, పరిగెత్తినంతసేపూ ఓర్చుకోగలుగుతోంది. సాక్సులు విసిరేసి, ఉత్త కాళ్లతో బూట్లు తొడిగి లేచింది. ఇక చూడాలి ఆ పరుగు. ఏ కోచ్ చెప్పినా ఆమె ఇంత వేగంగా పోలేదు. జ్యోతి వెనక నుంచి "అక్కా ఆగు" అని అరుస్తూనే ఉంది.

మిరప కోతలో ఉన్న ఆడవాళ్లు నడుమెత్తి చూశారు.

"ఏమ్మో, ఎవరన్నా తరుముతున్నారా?" అని ఒకావిడ గట్టిగా అడిగింది.

"మీ కాయలే" అంది బిందు ఆగకుండా.

చేలో నవ్వులు పడ్డాయి. ఆ నవ్వుల్లోంచే ఆమె గుట్టెక్కింది, దిగింది, కల్లంలోకి వచ్చి పడింది. తొలిచుట్టు అయిపోయింది.

ప్రేమ్‌చంద్ గారు వాచీ చూసుకుని ఆశ్చర్యపోయారు. పిచ్చమ్మ వాచీ చూడలేదు, మేనకోడలి కాళ్లు చూసింది. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. సంగతి విని నెత్తి బాదుకుంది.

"కాయలెత్తిన బరకం మీద తడిగుడ్డలు ఆరేశావా? నువ్వు మా ఆడబడుచు కూతురివేనా అసలు?" అంటూనే కోతకొచ్చేవాళ్లు చేతులకి రాసుకునే ఆముదం సీసా తెచ్చి పాదాలకి మర్దన చేసింది. బిందు పళ్లు బిగించుకుని కూర్చుంది. మంట మెల్లగా తగ్గుముఖం పట్టింది. జ్యోతి తన కారులోంచి శుభ్రమైన సాక్సులు తెచ్చి ఇచ్చింది.

ప్రేమ్‌చంద్ గారు పక్కన కూర్చున్నారు. "ఇది మీ తప్పు కాదు బిందు గారూ. తప్పేననుకోండి, అయినా కాళ్లలో సత్తా లేక కాదుగా. ఆపేస్తే నేనేమీ అనుకోను."

"ఆపేస్తే సాయంత్రం యాభైకి మారుస్తారా?"

"మారుస్తాను. ఒక చుట్టు చూసి ఎనభైకి పంపలేను."

బిందు లేచి సీసాల్లో నీళ్లు నింపుకుంది. పిచ్చమ్మ వెనక నుంచి తిడుతూనే ఉంది. అదేమీ పట్టించుకోకుండా మళ్లీ డొంకలోకి దిగింది.

రెండో చుట్టు వేరే లోకం. తోడు లేదు. మంచు పోయి ఎండ నెత్తికెక్కింది. ఆముదంతో పాదాలు బూట్లలో జర్రు జర్రున జారుతున్నాయి. విచిత్రమేమిటంటే, మంట తగ్గేకొద్దీ కష్టం పెరిగింది. మండుతున్నంతసేపూ ఇంకేమీ తెలియలేదు. ఇప్పుడు తొడలు తెలుస్తున్నాయి, నడుము తెలుస్తోంది, తిన్న ఖర్జూరాలు కడుపులో ఎక్కడున్నాయో కూడా తెలుస్తోంది. అయినా కాలవ కట్ట దాటింది. కోత ఆడవాళ్లు ఈసారి నవ్వలేదు. ఇందాకటావిడే కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఇంకా అవలేదా తల్లీ?" అని అడిగింది. "ఇంకొంచెమే పెద్దమ్మా" అంది బిందు. ఆ మాట అన్నాక తనకే నమ్మకం కలిగి కాస్త వేగం పెంచింది.

పత్తిచేల దగ్గర వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. చూస్తే చెంచయ్య. పిచ్చమ్మ ఫోన్ చేసి పిల్ల కాళ్లు కాలిపోయాయని చెప్పినట్టుంది, ట్రాక్టరుకి తగిలించిన మిరప బస్తాల ట్రక్కుతో సహా వచ్చేశాడు.

"ఎక్కమ్మా" అన్నాడు పక్కన ఆపి.

"వద్దు మావయ్యా. పరిగెత్తే రావాలి."

"పిచ్చిదానా, కాళ్లు చూసుకున్నావా? ఎక్కు."

"ఎక్కనంటున్నాగా."

చెంచయ్య ఇరకాటంలో పడ్డాడు. ఆ ప్రాంతంలో ఎంతటివాడైనా సరే, సొంత మేనకోడలు ఎండలో కాళ్లీడ్చుకుంటూ పోతుంటే తను బండి మీద దర్జాగా దాటిపోతే ఇక ఊళ్లో తలెత్తుకోలేడు. చేలల్లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. పోనూ లేడు, ఉండనూ లేడు. ఆమెతో సమానంగా ట్రాక్టరు నడిపించడం మొదలెట్టాడు. లేచిన దుమ్మంతా, దాంతోపాటు బస్తాల ఘాటూ బిందు మొహాన కొట్టింది.

"మావయ్యా, దణ్ణం పెడతా, కాస్త ముందుకి పో" అంది దగ్గుతూ. ఆమె దగ్గడం చెంచయ్య పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం.

ఆయన ముందుకి పోయాడు గానీ వదిలిపెట్టలేదు. ప్రతి మలుపులోనూ ఆగి, వెనక్కి తిరిగి చూసి, ఆమె కనపడ్డాకే కదిలేవాడు. అలా డొంక రెండుగా చీలే చోటికి వచ్చారు. కుడిచేతి దారి గుట్ట మీదికి ఎక్కి, దిగి కల్లానికి పోతుంది. ఎడమచేతిది తిన్నగా కల్లానికే. చెంచయ్య ఎడమ దారి మొదట్లో ట్రాక్టరాపి, సీటు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"ఇటు రా అమ్మా, ఇటు. దగ్గర దారి."

బిందు గుట్ట వైపు చూసింది. పొద్దున ఎక్కిన దారే. పెద్దాయన అంత ప్రేమగా పిలుస్తున్నాడు, కాదంటే ఏం బాగుంటుందని మనసుకి చెప్పుకుంది. మనసు నమ్మిందో లేదో గానీ కాళ్లు మాత్రం వెంటనే నమ్మాయి. ఎడమకి తిరిగింది.

కల్లం చేరేసరికి పెళ్లివారికి ఎదురొచ్చినట్టు అందరూ ఎదురొచ్చారు. జ్యోతి వచ్చి వాటేసుకుంది. పిచ్చమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుంది. చెంచయ్య ట్రాక్టరు దిగుతూనే "నేనే తీసుకొచ్చా, దగ్గర దారిన" అన్నాడు గర్వంగా.

ప్రేమ్‌చంద్ గారు ఆమె వచ్చిన దారిని చూశారు, గుట్టను చూశారు. ఆయనకి అర్థమైంది. అయినా నవ్వుతూనే జేబులోంచి ఫోన్ తీశారు.

"పర్లేదండి. గుట్ట ఒక్కటేగా పోయింది. ఆ కాళ్లతో ఇంతదూరం వచ్చారంటే మామూలు విషయం కాదు. ఎనభైలోనే ఉండండి. నిర్వాహకులకి ఖాయం చేసేస్తున్నా."

మజ్జిగ చల్లగా ఉంది. సగం తాగింది బిందు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఎవరూ తప్పు పట్టడం లేదు. కావలసింది చేతికొచ్చింది. అయినా మిగతా సగం తాగకుండా గ్లాసు పట్టుకునే నిలబడింది. కిందటేడూ అంతే, ఎవరూ తప్పు పట్టలేదు. అంతా మంచివాళ్లే, అంతా రమ్మన్నవాళ్లే. కొండల్లో ఎనభై కిలోమీటర్ల దారిలో ఇలాంటి మంచివాళ్లు ఇంకెంతమంది ఎదురవుతారోనని తలుచుకుంటే భయమేసింది. ఆ రోజు మొత్తానికి ఆమెకి భయం వేసింది అప్పుడొక్కసారే.

గ్లాసు పిచ్చమ్మ చేతికిచ్చింది. "ఇప్పుడే ఖాయం చెయ్యకండి సార్" అని గుట్ట వైపు తిరిగింది.

"ఎటే?" అంది పిచ్చమ్మ.

"గుట్టెక్కి వస్తానత్తా."

"ఎక్కడం దేనికమ్మా, అయిపోయిందంటున్నారుగా?" అన్నాడు చెంచయ్య. ఆయన మొహం చిన్నబోయింది. "నేనేమన్నా తప్పు చేశానా?"

"నువ్వేం చెయ్యలేదు మావయ్యా. నీ వెనకాల వచ్చింది నేను."

గుట్ట కల్లం వెనకాలే. పొద్దున దిగివచ్చిన దారినే ఇప్పుడు ఎదురెక్కడం. ముందు పరుగు, తరవాత నడక, ఆ తరవాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఒక్కో బండా ఎక్కడం. రాళ్లు కాలుతున్నాయి. చెమటకి పాదాల్లో పాత మంట మళ్లీ లేచింది. కానీ ఈసారి ఆ మంటని చూస్తే ఆమెకి నవ్వొచ్చింది. తొడలు వణుకుతున్నాయి, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది, ఒళ్లంతా పండగలా ఉంది. పిలిచేవాళ్లు లేరు, చూసేవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లు అంతకంటే లేరు. అయినా కాళ్లు పోతున్నాయి. తన మాట మీదే పోతున్నాయి. ఈ సంగతి తెలుసుకోవడానికి ఏడాది పట్టింది.

కొస బండ మీద నిలబడి చుట్టూ చూసింది. కింద కల్లాల్లో ఆరబోసిన మిరప ఎర్రగా, అవి దాటితే పచ్చటి చేలు, కాలవ, పొద్దుట్నుంచీ తను తిరిగిన డొంకలన్నీ. వీపు సంచీలోంచి ఫోన్ తీసింది. కింద చీమంత కనిపిస్తున్న ప్రేమ్‌చంద్ గారు జేబు తడుముకోవడం ఆమెకి కనిపించింది.

"సార్, ఇప్పుడు ఖాయం చేసెయ్యండి. ఎనభై."

"దిగి వచ్చాక చేద్దాం లెండి. ఇంకా అవలేదుగా?"

"దిగుతాను" అంది బిందు. అప్పటికే దిగడం మొదలుపెట్టింది.